విల్సన్ జోన్స్: మన మొదటి ఛాంపియన్

స్వతంత్ర భారతదేశంలో మొదటి ప్రపంచ ఛాంపియన్ ఎవరని ఎవర్నడిగినా జవాబు దాదాపు ఒకే వరసలో వస్తుంది. ముందు 1983 కపిల్ జట్టు అంటారు. కాసేపు ఆలోచించి విశ్వనాథన్ ఆనంద్ అంటారు. కొంచెం పాతకాలం మనుషులైతే ప్రకాశ్ పడుకోన్ దగ్గర ఆగుతారు. హాకీలో మనకి ఒలింపిక్ బంగారు పతకాలు ఎప్పట్నించో ఉన్నాయి కానీ అది పదకొండు మంది కలిసి గెలిచిన గెలుపు. ఒంటరిగా ఆడి, ప్రపంచంలో తనని మించినవాడు లేడనిపించుకున్న మొదటి మనిషి విల్సన్ జోన్స్. ఏడాది 1958, ఊరు కలకత్తా, ఆట బిలియర్డ్స్. ఆయన 2003 అక్టోబర్ 5న పోయాడు. అప్పటికి నాకు ఆయన పేరు కూడా తెలీదు.

తెలియడానికి దారి కూడా లేదు లెండి. మాది సోమందేపల్లి. బెంగళూరు-హైదరాబాదు హైవే మీద, హిందూపురానికీ పెనుకొండకీ మధ్యలో ఉంటుంది. మా ఊళ్లో క్యూ కర్ర పట్టినవాడు ఎవడూ లేడు. సినిమాల్లో బిలియర్డ్స్ టేబుల్ కనిపించిందంటే ఆ ఇంట్లో విలన్ ఉన్నట్టే. మాకున్నది క్యారంబోర్డ్. దానికి ఒక ఛాంపియన్ కూడా ఉండేవాడు, మా మేనమామ. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కి వేసి వచ్చినాక, సాయంత్రం బోర్డు ముందు కూర్చుంటే ఆయన్ని కదిలించగలిగేవాళ్లు లేరు.

ఆయన ఆట చూడ్డానికి చప్పగా ఉండేది. బోర్డంతా మోగేట్టు కొట్టడాలు, పడగానే అరవడాలు ఏమీ ఉండవు. దగ్గరగా ఉన్న కాయల్ని ఒక్కొక్కటే మెత్తగా తోసేవాడు. నేను తొందరపడి కొడితే ఒకటే మాట అనేవాడు. "ఈ కాయ కోసం ఆ కాయ చెడగొట్టద్దప్పా." కాయ వేయడం అందరికీ వస్తుంది, వేసినాక బోర్డు మీద మిగిలిన కాయలు ఎట్ల ఉన్నాయో చూసుకోవాలి, అదే ఆట అని ఆయన లెక్క.

ఇంజనీరింగ్ అయిపోయి బెంగళూరులో ఉద్యోగానికి చేరాక, ఆఫీసులో కాఫీ మిషన్ పక్కన ఒక పూల్ టేబుల్ కనిపించింది. క్యారమ్స్ ఆడినవాడికి కోణాలు కొత్త కాదు. కొత్తదల్లా క్యూ బాల్. క్యారమ్స్‌లో స్ట్రైకర్ ఎక్కడికి పోయినా తిరిగి మన చేతికొస్తుంది, మళ్లీ మన గీత మీద పెట్టుకుని కొడతాం. పూల్‌లో అలా కాదు. తెల్ల బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తర్వాతి దెబ్బ. ఇప్పుడు కొట్టిన దెబ్బ ఫలితాన్ని తర్వాతి దెబ్బలో అనుభవించాలి. మామ చెప్పిన మాటకి ఇంకో అంతస్తు కట్టినట్టుంటుంది ఈ ఆట. పూల్ నుంచి స్నూకర్ వీడియోలకి, స్నూకర్ నుంచి బిలియర్డ్స్‌కి, అక్కడి నుంచి జోన్స్ దగ్గరికి చేరాను.

బిలియర్డ్స్ ఈ కుటుంబంలో పెద్దది, అన్నిటికంటే కష్టమైనది కూడా. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద మూడే మూడు బంతులు. మన బంతితో మిగతా రెండిటినీ తాకిస్తే రెండు పాయింట్లు, దాన్ని కానన్ అంటారు. ఎర్ర బంతిని పాకెట్‌లో వేస్తే మూడు. మన బంతే ఇంకోదాన్ని తాకి పాకెట్‌లో పడ్డా పాయింట్లే. పాకెట్‌లో పడ్డ ఎర్ర బంతిని మళ్లీ తెచ్చి బల్ల మీద పెడతారు. అంటే పూల్‌లో లాగా బల్ల ఖాళీ అవడం అనేది ఉండదు. తప్పనంతసేపూ ఆడుతూనే ఉండొచ్చు. రెండూ మూడూ కలుపుకుంటూ వందలు దాటిస్తారు. ఎదుటివాడు అంతసేపూ కుర్చీలో కూర్చుని చూడాల్సిందే, చేయగలిగిందేమీ లేదు. అవతలివాడి బౌలింగ్ ఎదుర్కోవడం, వాడి సర్వీస్ తిప్పికొట్టడం లాంటివేవీ లేని ఆట ఇది. ఓర్పులో ఎవడు ముందు జారతాడా అన్నదే పోటీ.

జోన్స్ 1922లో పుణేలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. 1950ల నుంచి 1966 దాకా మన దేశంలో బిలియర్డ్స్ అంటే ఆయనే. జాతీయ ఛాంపియన్‌షిప్ పన్నెండు సార్లు గెలిచాడు. ప్రపంచ టైటిల్ మాత్రం అంత సులువుగా రాలేదు. 1951లో లండన్‌లో ఆస్ట్రేలియా వాడు బాబ్ మార్షల్ గెలిచాడు. 1952లో పోటీ మన కలకత్తాలోనే జరిగితే ఇంగ్లండ్ ఆటగాడు లెస్లీ డ్రిఫీల్డ్ పట్టుకుపోయాడు. 1954లో సిడ్నీలో టామ్ క్లియరీ. ఆ తర్వాత 1958లో, అదే కలకత్తాలో, జోన్స్. ఆరేళ్ల తర్వాత న్యూజిలాండ్‌లో రెండోసారి.

1958 అనగానే మనకి గుర్తొచ్చేది మిల్ఖా సింగ్. ఆ ఏడాదే టోక్యో ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు, కార్డిఫ్ కామన్‌వెల్త్ క్రీడల్లో ఒకటి. ఆ గౌరవం ఆయనకి దక్కాల్సిందే. కానీ పరుగు పందెం అందరికీ అర్థమవుతుంది, స్టేడియంలో వేలమంది చూస్తారు. బిలియర్డ్స్ జరిగేది తలుపులు మూసిన గదిలో. మామూలు మనిషికి ఆ గది గుమ్మం దాటే అవకాశం తక్కువ. ఇంకో తమాషా ఏంటంటే, బిలియర్డ్స్‌కి తమ్ముడి వరసైన స్నూకర్ పుట్టిందే మన దేశంలో అంటారు. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మధ్య మొదలై, ఊటీ క్లబ్బులో నియమాలు కుదుర్చుకుంది. ఇక్కడ పుట్టినా మనలో చాలామందికి పరాయి ఆటగానే ఉండిపోయింది. పైగా అప్పటి పోటీలు అమెచ్యూర్ పోటీలు. ఛాంపియన్ అయినా బతుకుతెరువు వేరే చూసుకోవాల్సిందే.

మరి ఎవరూ చూడని గెలుపుని గుర్తు పెట్టుకునేది ఎవరు? నా మటుకు ఈ ప్రశ్నకి జవాబు మామ పోయిన రోజు దొరికింది. పెనుకొండ నుంచి, ధర్మవరం నుంచి మాకు ముఖపరిచయం కూడా లేని మనుషులు వచ్చారు. బంధువులు కారు. ఎవరని అడిగితే ఒకాయన, "నేను మీ మామ చేతిలో ఓడిపోయినోణ్ణప్పా" అన్నాడు. మిగతావాళ్లదీ అదే వరస. ఏ పండక్కి, ఎవరింటి అరుగు మీద, ఎర్రకాయ వేసి ఫాలో ఎట్లా వేశాడో చేతులతో గాల్లో గీసి చూపించారు. మా ఇంట్లో ఒక్క కప్పు లేదు, ఒక్క ఫొటో లేదు. ఆయన ఆటంతా ఓడిపోయినవాళ్ల దగ్గర భద్రంగా ఉంది.

జోన్స్‌కి ప్రభుత్వం 1965లో పద్మశ్రీ ఇచ్చింది. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది 1996లో వచ్చిన ద్రోణాచార్య. ఎందుకంటే అది గెలిచినందుకు ఇచ్చేది కాదు, నేర్పినందుకు ఇచ్చేది. ఆయన తర్వాత 1977లో మైకేల్ ఫెరీరా, 1985లో గీత్ సేథీ ప్రపంచ బిలియర్డ్స్ టైటిళ్లు తెచ్చారు. 1984లో ఓం అగర్వాల్ స్నూకర్‌లో తెచ్చాడు. జోన్స్ పోయిన 2003లోనే, బెంగళూరులో ఆట నేర్చుకున్న పంకజ్ అద్వానీ అనే కుర్రాడు చైనాలో తన మొదటి ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇన్నేళ్లపాటు ఇంత నిలకడగా ఛాంపియన్లు వచ్చిన ఆటలు మనకి ఎన్ని ఉన్నాయి? క్రికెట్‌ని పక్కన పెట్టి లెక్కపెట్టి చూడండి.

తెలుగులో ఆటల గురించి స్కోర్లు రాసేవాళ్లున్నారు, ఆట గురించి రాసేవాళ్లు తక్కువ. ఒక కచేరీ గురించో, ఒక నాటకం గురించో రాసినట్టు, ఒక ఆటగాడి చేయి ఎలా కదిలేదో, ఎక్కడ తొందరపడేవాడో, ఎక్కడ ఆగేవాడో రాసిన వ్యాసాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జోన్స్‌ని చూసినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. మామతో ఆడినవాళ్లూ అంతే. ఆ పెనుకొండ ఆయన ఫోన్ నంబర్ తీసుకున్నాను. ఈసారి ఊరెళ్లినప్పుడు కాగితం, పెన్ను పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చోవాలి.