జెల్ల మీసాలు

గోదావరి జిల్లాల వాళ్ళకి జెల్ల చేప గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. జానెడు దాటేవి తక్కువ. పొలుసు ఉండదు, ఒళ్ళంతా జిగురు. మూతి చుట్టూ నాలుగు జతల మీసాలు. వీపు మీద ఒకటి, మొప్పల వెనక రెక్కల్లో అటొకటి ఇటొకటి, మొత్తం మూడు ముళ్ళు. భయపడితే వాటిని నిక్కబొడిచి బిగించేస్తుంది. గుచ్చుకుందా, చెయ్యి సలుపు ఓ పట్టాన తగ్గదు.

పగలు రాళ్ళ సందుల్లో, చెట్ల వేళ్ళ మధ్య నక్కి ఉండి, చీకటి పడ్డాక తిండికి బయల్దేరుతుంది. రాత్రిపూట బురద నీళ్ళలో కళ్ళని నమ్ముకుంటే కడుపు నిండదు కదా! అందుకే ఆ మీసాలు. వాటికి రుచి కూడా తెలుస్తుందట. నేల తడుముకుంటూ పురుగుల్నీ చిన్న రొయ్యల్నీ పట్టేస్తుంది. జువాలజీ చదివే మా అమ్మాయి ఇదంతా చెబుతుంటే, నా ఆలోచన మా అత్తయ్యగారి మీదకి పోయింది.

ఆవిడకి నీటికాసులు. రెండేళ్ళుగా చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తోంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు డాక్టరుగారు. మావారు తల్లి మీద ప్రేమకొద్దీ "నువ్వు వంటింట్లోకి రాకమ్మా" అనేశారు. ఆవిడ మంచం మీద కూర్చుని, మాట్లాడడమే తగ్గించేశారు. కళ్ళ కంటే నాకు దానికే భయం వేసింది.

మొన్న తొలకరికి జెల్లలు వస్తే, బేసిన్ తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. మావారు పరిగెత్తుకొచ్చి "ముళ్ళమ్మా!" అన్నారు.

"మూడేగదరా! ఎక్కడుంటాయో నాకు తెలీదా?" అన్నారావిడ.

బూడిద అద్ది పట్టుకుని, ముళ్ళు మొదలంటా విరిచి, మొప్పలు లాగి, ఉప్పేసి జిగురు పోయేదాకా బండకి రుద్దారు. ఒక్కసారీ కిందకి చూడలేదు. మధ్యలో నాకు పాఠం కూడా. "మామిడికాయ పులుపు ముందే చూసుకో అమ్మాయ్. చేప వేశాక గరిట పెట్టకు, గిన్నె పట్టుకుని తిప్పు." నెలరోజుల మాటలు ఆ గంటలో మాట్లాడారు.

ఇప్పుడు మా ఇంట్లో కత్తిపీట, పొయ్యి నావి. తడిమి చేసే పనులన్నీ ఆవిడవి. చిక్కుడుకాయ ఈనెలు తియ్యడం, చింతపండు గింజలు ఏరడం, జెల్లలు బాగుచెయ్యడం. చూపు తగ్గిన పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటే, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోండి. చేతికి అలవాటైన పని మాత్రం వాళ్ళ చేతిలోంచి లాక్కోకండి.

అన్నట్టు, ఆ రోజు ముల్లు గుచ్చుకుంది సాయం చెయ్యబోయిన మావారికే!