మహాకాయుల నడుమ మౌనము

వీడియో గేమనగానే ఎడతెగని సంగ్రామమును, కర్ణకఠోరమైన కాల్పుల మోతను ఊహించుకొనువారికి, ఫుమితో ఉయేదా అను జపాను రూపకర్త సారథ్యమున 2005లో ప్లేస్టేషన్ 2కై వెలువడిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ను ఒక్కసారి చూపవలెనని నాకు గాఢమైన కోరిక. అందు జయింపవలసిన మహాకాయులు 16 మంది మాత్రమే. వారి నడుమ పరచుకొన్న విశాల నిర్జనభూమిలో వేరొక శత్రువు లేడు. నాయకుడు గుర్రముపై సాగిపోవుచుండగా సంగీతము సైతము విరమించి, గాలియు, గిట్టల చప్పుడును మిగులును. ఆ శూన్యత వలననే కదా, తుదకు ఆ భీమకాయము కన్నుల యెదుట లేచినప్పుడు గుండె ఝల్లుమనుట!

పాల్వంచ దాటి భద్రాచలము వైపు పోవు మా అడవిసీమలో పెరిగినవారికి ఈ కళారహస్యము క్రొత్తది కాదు. చైత్రమాసపు వేకువను, కోయగూడెముల స్త్రీలు బుట్టలతో ఇప్పచెట్ల క్రిందికి చేరువేళ, రాలు పూవు సవ్వడి సైతము వినవచ్చునంతటి నిశ్శబ్దము కిన్నెరసాని పరిసరములను ఆవరించియుండును. అప్పుడు ఎండుటాకులలో ఏ చిన్న అలికిడి యైనను మనస్సును సంపూర్ణముగా లోగొనును.

హైదరాబాదున గేములు నిర్మించు మన యువకులకు నా విన్నపమొకటి: ఈ అరణ్యమును చిత్రింపబూనినచో ప్రతి క్షణమును నేపథ్యసంగీతముతో నింపకుడు. 2017 నాటి ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ అను గేములో పియానో స్వరములు అక్కడక్కడ మాత్రమే వినిపించుట గమనింపుడు. పర్ణశాల యొద్ద గోదావరి దాటుటకు ఆటగాడు పడవకై వేచియుండవలసి వచ్చినచో, ఆ నిరీక్షణను దాటవేయు మీటను మాత్రము పెట్టకుడు.