నాలుగు కొమ్ములు, ఒక చెలమ

గంతులేసే ప్రతి జంతువునీ మనం జింక అనేస్తాం. ఫొటోలు తీసేవాళ్లకి తేడా కొమ్ముల దగ్గర తెలుస్తుంది. చుక్కల దుప్పి కొమ్ములు చీలికలు చీలికలుగా పెరిగి, ఏటా రాలిపోయి, మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింకవి రాలవు, చివరిదాకా అవే. ఈ రెండో కుటుంబంలోదే కొండగొర్రె. పేరులో ఉన్నా అది గొర్రె కాదు. మగదానికి నాలుగు కొమ్ములు: చెవుల మధ్య రెండు పొడవైనవి, నుదుటి మీద రెండు పొట్టివి. అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములున్నది ప్రపంచంలో ఇదొక్కటే. భారత్, నేపాల్ దాటితే ఎక్కడా లేదు.

పాల్వంచ పక్కన కిన్నెరసాని అభయారణ్యంలో ఉంది. కిన్నెరసాని అంటే చాలామందికి డ్యామ్, బోటు షికారు. దాని వెనక 635 చదరపు కిలోమీటర్ల అడవి ఉంది.

కొండగొర్రె దుప్పుల్లా మందగా తిరగదు. ఇరవై కిలోల బరువు, ఎండుగడ్డి రంగు. అలికిడైతే బిగుసుకుని నిలబడుతుంది. ఇంకా దగ్గరికెళ్తే ఒక్క దూకు, అంతే. అందుకే నా ఫొటోల్లో దాని వీపే ఎక్కువ. నాక్కావాల్సింది పోర్ట్రెయిట్: కళ్లు, తడి ముక్కు, నాలుగు కొమ్ములూ.

వందేళ్ల కింద ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తర భారతంలో జంతువులు నడిచే దారికి అడ్డంగా తీగ కట్టేవాడు. కాలు తగిలితే కెమెరా దానంతటదే పనిచేసేది. 1927లో ఆ ఫొటోలతో పుస్తకం వేశాడు. ఇప్పటి కెమెరా ట్రాప్‌కి అదొక తొలి రూపం. నాకు మాత్రం ఎదురుగా ఉండి తీయాలని.

దానికి దారులున్నాయి. కొండగొర్రె పెంటికలు మళ్లీ మళ్లీ ఒకేచోట వేస్తుంది. ఆ కుప్ప కనిపిస్తే తిరిగొస్తుందని గుర్తు. రెండోది నీళ్లు. మే నెలలో వాగులెండితే చెలమ దగ్గర కూర్చుంటే చాలు.

అడవి అంచు ఊళ్లోని ఒక కోయ పెద్దాయనతో అలాగే కూర్చున్నాను. రెండు గంటలకి అవతలి గట్టున పొద వెనక చెవి కదిలింది. లెన్స్‌లో పొట్టి కొమ్ములు కూడా లీలగా తెలుస్తున్నాయి. ఇంకో పదడుగులు వస్తే చాలు. రాలేదు. వెనక్కీ పోలేదు.

"దూపైతంది సార్ దానికి. మనం లేస్తెనే వస్తది."

"ఇంకో పావుగంట చూద్దామా తాతా?"

"మనకి బాటిల్ ఉంది గద సార్."

గోదావరి అవతల పర్ణశాలలో, బంగారు లేడి వచ్చింది అక్కడికేనని చెప్తారు. ఆ కథలో లేడి వెంట మనిషి పరిగెత్తాడు. ఇక్కడ మనిషి కదలకుండా కూర్చున్నా లేడికి కష్టమే. నేను వేచి ఉండడాన్ని ఓపిక అనుకోవచ్చు. పొద వెనక నుంచి చూస్తే అది కాపలా.

లేచి వచ్చేశాం. మర్నాడు పొద్దున చెలమ అంచున తడి ఇసుకలో చిన్న గిట్టల అచ్చులున్నాయి. ఫోన్‌తో తీశాను. నేను దాన్ని అంత దగ్గరగా తీసింది అదొక్కటే.