రెండు సీట్ల రథంలో రాములవారి ఊరికి

సినిమాలో హీరోగారు టాపు లేని కారెక్కి, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, పక్కన హీరోయిన్ జుట్టు గాలికి ఎగురుతుంటే పాడుకుంటూ పోతారు. చూసినప్పుడల్లా మీకేమనిపిస్తుందోగానీ, నాకు మాత్రం చిన్నప్పట్నుంచీ ఒకటే కోరిక... జన్మకొక్కసారైనా అలాంటి కారెక్కాలని! పాత సినిమాల్లో చాలాసార్లు ఆ కారు అంగుళం కూడా కదలదనీ, వెనక తెరమీద రోడ్డే పరుగెడుతుందనీ, జుట్టు ఎగరడానికి ఫ్యాన్లు పెడతారనీ తర్వాతెప్పుడో తెలిసింది. అయినా కోరిక చావలేదు.

మొన్న ఉగాది వెళ్లాక అది తీరింది. ఖమ్మంలో నా మిత్రుడొకడు పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. పెళ్లి కుదిరింది. "అది అమ్మేసి నలుగురు కూచునే బండి కొనమంటున్నారు కాబోయే మామగారు. నువ్వొచ్చి చూసి చెప్పరా" అన్నాడు. తెల్లారకముందే భద్రాచలం బయల్దేరాం. దాదాపు 120 కిలోమీటర్లు.

ఈ మోజు మనకి కొత్తదేం కాదు. 1961లో మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారీ మొదలైంది. ఆ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టిచేసి 1962లో ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారు చేశారు. అంటే మన హెరాల్డుకి సీమలో ఓ సోకులరాయుడు తమ్ముడున్నాడన్నమాట! 1998లో మనదేశంలోనే శాన్ స్టార్మ్ అనే ఫైబర్ బాడీ రెండు సీట్ల కారొచ్చింది.

కూచోవడమే ఓ ఫైటు!

ఇలాంటి కారులో కూచోవడం కాదు, పడుకోవడమే. దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. సామాను పెట్టే చోటు లేక నా సంచీ ఒళ్లోనే ఉంది. స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలని రూలు. పల్లెల్లో ఆ రూలెవరికి కావాలి? తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు... ప్రతిచోటా బండిని ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించాడు మావాడు. లేకపోతే పొట్ట గీసుకుంటుంది.

కొత్తగూడెం దగ్గర బొగ్గు లారీలు. లారీ చక్రమూ నా తలా ఒకే ఎత్తు! మనం ఆ డ్రైవరు కంటికి ఆనం. అతను చూశాడని నమ్మకం కుదిరేదాకా హారను కొట్టాల్సిందే. మసి సంగతి చెప్పక్కర్లేదు. పాల్వంచలో అద్దం చూసుకుంటే హీరో కాదు, విలన్ కనిపించాడు.

అడవి మొదలయ్యాక...

పాల్వంచ దాటాక కథ మారింది. బరువంతా కిందే ఉండడంతో మలుపుల్లో కారు నేలకి అతుక్కుపోయింది. చెట్లకింద రాలిన ఇప్పపువ్వు వాసన మొహానికి కొట్టింది. అద్దాలు బిగించిన ఏసీ కారులో వస్తుందా ఆ వాసన? 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన మీద పైన ఆకాశం, కింద గోదావరి, మధ్యలో మేం!

రాములవారి దర్శనం చేసుకుని చింతూరు రోడ్డెక్కాం. ఎటపాక దగ్గరే ఆంధ్ర. 2014లో గీత అలా మారింది. నెల్లిపాక దాటాక ఓ ముసలవ్వ చెయ్యెత్తింది. చంకలో పిల్ల ఒళ్లు కాలిపోతోంది. భద్రాచలం ఆస్పత్రికి పోవాలట. బస్సు జాడ లేదు.

ఉన్నవి రెండే సీట్లు. నేను దిగాను.

మావాడు కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. కల్వర్టు మీద రెండు గంటలు ఒంటరిగా కూచున్నాను. ఎండ మాడ్చేస్తోంది. ఆ పిల్లకి ఎలా ఉందో తెలియదు. అంతసేపూ ఆ కారు అందమేమిటో ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

వాడు నవ్వుతూ వచ్చాడు. "సూది వేశారు, భయం లేదన్నారు. దిగేటప్పుడు అవ్వ ఏమందో తెలుసా? 'ఇంత సోకైన కారు కొన్నవ్, పైన కప్పు ఏయించుకోరాదా బిడ్డా' అంది!"

"మరి అమ్మెయ్యనా?" అనడిగాడు కాసేపాగి.

"ఉంచుకో. కాకపోతే అడవిలోకి ఒక్కడివే రా. రెండో సీటు ఖాళీగా ఉండనీ."

"పెళ్లయ్యాకో?"

"అప్పుడు మామగారి మాట విను!"