ఒంటరి స్త్రీ అనుభవం ఒక్కటే కాదు

భారతీయ సమాజం ఒంటరి స్త్రీలందరినీ ఒకే గాటన కట్టి చూస్తున్నప్పటికీ, పెళ్లి వద్దనుకున్న స్త్రీకి, విడాకులు పొందిన స్త్రీకి, భర్తను కోల్పోయిన స్త్రీకి, మరో స్త్రీని ప్రేమించే స్త్రీకి, ఎవరిపట్లా లైంగిక ఆకర్షణ కలగకపోవడమనే అలైంగికతను తన స్వభావంగా గుర్తించిన స్త్రీకి ప్రేమ, శరీరం, అస్తిత్వం వేర్వేరు అర్థాలనిస్తాయి. చట్టం ఈ వైవిధ్యాన్ని కొంత గుర్తించింది, కొంత విస్మరించింది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టంలో, గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భానికి సంబంధించి ఉన్న ‘భర్త’ అనే మాటను 2021 సవరణ ‘భాగస్వామి’గా మార్చింది. 20 నుంచి 24 వారాల మధ్య గర్భాన్ని తొలగించుకునే హక్కు అవివాహితలకూ ఉంటుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, వివాహితలు మాత్రమే లైంగిక జీవితం గడుపుతారన్న మూస భావనను తిరస్కరించింది. అయితే 2021 నాటి సరొగసీ చట్టం, అంటే మరొక స్త్రీ గర్భం ద్వారా బిడ్డను పొందడాన్ని నియంత్రించే చట్టం, ఒంటరి స్త్రీలలో 35 నుంచి 45 ఏళ్ల వితంతువులకు, విడాకులు పొందినవారికి మాత్రమే ఆ అవకాశమిచ్చి, అసలు పెళ్లే చేసుకోని స్త్రీని పక్కన పెట్టింది. అదే స్త్రీ బిడ్డను దత్తత తీసుకోవడానికి మాత్రం నిబంధనలు అనుమతిస్తున్నాయి.

కోరుకోవడం, ప్రేమించడం, రెండింటినీ వద్దనుకోవడం కూడా స్త్రీ స్వీయ నిర్ణయాలే. వివాహం ఆమె జీవితంలో ఒక ఘట్టం కావచ్చు, కాకపోవచ్చు. ఆమె గౌరవానికి, హక్కులకు అది కొలమానం కాకూడదు.