లెక్కలోకి రాని తల్లి

ప్రాణంతో పుట్టిన లక్షమంది బిడ్డలకు ఎందరు తల్లులు చనిపోతున్నారో చెప్పేదే మాతృమరణాల నిష్పత్తి. మన దేశంలో 2001–03లో అది 301. 2018–20 నాటికి 97. ఈ తగ్గుదల నిజం. నర్సుల, ఆశా కార్యకర్తల శ్రమ అందులో వున్నది. దాన్ని కాదనడం నా వుద్దేశం కాదు. అయితే లెక్కలు బోధించేవాణ్ణి గనక, అంకె కనపడగానే అది ఎక్కడ పుట్టిందని అడగడం నాకు అలవాటు.

మరణాలను నమోదు చెయ్యాలన్న చట్టం 1969లోనే వచ్చింది. అయినా 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నూటికి 23 కూడా లేవు. అంచేత ప్రభుత్వం నమూనా నమోదు పద్ధతి మీద ఆధారపడుతున్నది. ఎంపిక చేసిన పల్లెల్లో, పేటల్లో జననమరణాలు రాసుకుని, ఇంటివాళ్ళను అడిగి కారణం తేలుస్తారు. నమూనాలో ఇటువంటి మరణాలు కొద్ది గనక మూడేళ్ళవి కలిపి లెక్కగడతారు.

ఇందులో పొరపాట్లు రెండు రకాలు. ఒకటి నమూనా చిన్నదవడం వల్ల వచ్చేది. నమూనా పెంచితే తగ్గుతుంది. రెండోది ఎంత పెంచినా తగ్గదు. అది సంఘంలోనే వున్నది.

చిన్నప్పుడు మా వాడలో “కడుపునొప్పితో పోయింది” అన్నమాట తరచు వినేవాణ్ణి. గర్భం తీయించుకోబోయి చనిపోయినా అది మాతృమరణమే. కాని పెళ్ళికాని కూతురి గర్భాన్ని లెక్కలు రాసేవాడికి ఏ తండ్రి చెబుతాడు? రెండోనెల కోడలి సంగతి అత్తకే తెలియకపోవచ్చు. పురిటికి పుట్టింటికి వెళ్ళిన పిల్ల అక్కడి జాబితాలో చుట్టం, అత్తవారి వూళ్ళో లేని మనిషి. నియమం ప్రకారం అత్తవారి వూరి లెక్కలోనే చేరాలి; ఎవరో ఒకరు గుర్తుంచుకుని చెబితే గదా! ఒడిశా నుంచి మన ఇటుకబట్టీలకు వచ్చే కూలితల్లి కోసం చెప్పేదెవరు?

పొరపాటు ఎప్పుడూ తగ్గించే వైపే వుండదు. అమెరికాలో 2003లో మరణపత్రం నమూనాకు గర్భాన్ని గురించిన గడి చేర్చారు. టెక్సాస్ రాష్ట్రంలో 2012కు మొదట తేలిన మాతృమరణాలు 147. రికార్డులన్నీ తిరగేసి చూస్తే నిలిచినవి 56. చాలా పత్రాల్లో ఆ గడిని తప్పుగా నింపారు. గడి కల్పించగానే సత్యం దొరకదు. ఒక్కొక్క మరణాన్నీ విచారించాలి. కేరళలో 2004 నుంచి ప్రసూతి వైద్యులు పేర్లు బయటపెట్టకుండా, శిక్షలకోసం కాకుండా, ఆ పని చేస్తున్నారు.

2018–20లో కేరళ నిష్పత్తి 19, అస్సాంది 195. ఈ రెండూ 97 అనే సగటులో కలిసిపోయాయి. సగటు అబద్ధం కాదు, కాని అది ఎవరి చావునూ చూపదు. పేదరికం ఎక్కడ వున్నదో నమోదు కూడా అక్కడే బలహీనం. విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! ఈ అంకె తగ్గిందని విన్నప్పుడల్లా రెండో ప్రశ్న కూడా వెయ్యండి: మన మండలంలో కిందటేడు చనిపోయిన పడుచు ఆడవాళ్ళెందరు, వాళ్ళలో ఎవరి కారణాన్ని ఎవరు విచారించారు?