సగం సీసా

కాంపౌండరు గారిచ్చిన ఎనిమిది సీసాలకూ కార్మినేటివ్ మిక్చర్ వాసన ఎంత కడిగినా పోలేదు. బూడిదేసి తోమాను, వేణ్ణీళ్లు పోసి గిలకరించాను. మూతికి పెదవి ఆనించి ఊదితే ముందు ఆ ఘాటు ముక్కుకు తగిలేది, తర్వాతే చప్పుడు చెవికి అందేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన వస్తే నా పెదాలు ఊదడానికి వాటంతటవే ముందుకొస్తాయి.

1977, తెనాలి. నేను తొమ్మిదో తరగతి. ఎనిమిదేమో కూడా. నవంబరు 14న బడిలో సైన్సు ప్రదర్శన. మిగతావాళ్లు అగ్నిపర్వతాలు, ఆనకట్టలు కడుతుంటే నేను సీసాలతో సరిగమలు పలికిస్తానని మాస్టారికి మాటిచ్చేశాను. నీళ్లు పోసేకొద్దీ స్వరం హెచ్చుతుందని తెలుసు. ఎంత పోయాలన్నదే లెక్క. వీణ తీగను సరిగ్గా సగం దగ్గర నొక్కితే పై షడ్జమం పలుకుతుందని ఎవరో చెప్పగా విన్నాను. తీగకు చెల్లింది గాలికి చెల్లదా? ఖాళీ సీసా స. సగం నిండింది పై స. మధ్యలో ఆరింటికీ నీళ్లు సమంగా పంచేశాను. అప్పట్లో మందు సీసాలకు డోసులు తెలియడానికి అంచులు కత్తిరించిన కాగితం పట్టీ అంటించేవారు. నేనూ అలాగే పట్టీలు కత్తిరించి నీటి మట్టం దగ్గర ఒక్కో స్వరం రాశాను.

మా వీధి చివర పద్యనాటకాలకు హార్మోనియం వాయించే మామయ్య ఉండేవాడు. చుట్టం కాదు, వీధి పిల్లలందరికీ మామయ్యే. సీసాలు అరుగు మీద వరసగా పెట్టించి, పెట్టె దగ్గరికి లాక్కుని, "ఊదరా అబ్బాయ్" అన్నాడు. ఖాళీ సీసా ఊదాను. దానికి దగ్గరి మెట్టు పట్టుకున్నాడు. ఎనిమిదోది ఊదాను. ఆయన వేలు ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయి ఆరో దాని మీద ఆగిపోయింది.

"పై సా అన్నావు కదరా! ఇది ప్రతి మధ్యమం. ఇంకా సగం దారిలోనే ఉన్నావు."

నాకు ఉక్రోషం వచ్చింది. ఆ హార్మోనియమే శ్రుతి తప్పిందని నా నమ్మకం. పైకే అనేశానేమో కూడా. ఆయన ముఖం సరిగ్గా గుర్తు లేదు, మెట్ల మీద ఆ పసుపుబారిన గోళ్లు మాత్రం గుర్తున్నాయి. ఆ సాయంత్రం నీళ్లు పోయించి, వంపించి, ఊదించి, చెవితోనే అన్నీ సరిచేయించాడు. పై సా పలికేసరికి సీసా ముప్పాతిక నిండింది. ఎందుకలా అని నేను అడగలేదు. కొత్త పట్టీలు అంటించుకుని, లెక్క నాదే అన్నట్టు వెళ్లిపోయాను.

ప్రదర్శనలో నా గొప్ప ఒక్క నిమిషం నిలిచింది. చూడ్డానికొచ్చిన పెద్దాయన నేను చెప్పేది పూర్తి కాకుండానే జేబులోంచి పెన్ను తీసి సీసాల మీద వరసగా టింగు టింగుమని కొట్టుకుంటూ పోయాడు. స్వరం ఎక్కాల్సింది దిగిపోతూ వచ్చింది! వెనక చార్టు మీద నా చేతిరాత: 'నీరు పెరిగిన కొలదీ స్థాయి పెరుగును.'

"అలా కాదండీ, మీరు తప్పు వాయిస్తున్నారు" అనేశాను. మాస్టారు వెనకనుంచి భుజం గిల్లారు. బహుమతి ఎవరికొచ్చిందో గుర్తు లేదు. అగ్నిపర్వతానికే అయ్యుంటుంది.

ఊదితే మోగేది గాలి, కొడితే మోగేది గాజు. నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గి స్వరం హెచ్చుతుంది. అవే నీళ్లు గాజుకు బరువై దాని ఊపును మందగింపజేస్తాయి. ఈ రెండు ముక్కలు నోట్లోకి రావడానికి నాకు బి.ఎస్సీ. దాకా పట్టింది.

అక్కడ వాల్యూం రెజొనేటర్ అని ఒక ప్రయోగం. నీళ్లు నిండిన పెద్ద సీసా, అడుగున కొళాయి. మూతి దగ్గర శ్రుతిదండం మోగిస్తూ నీళ్లు వదులుతుంటే ఒకచోట సీసా హోరుమంటుంది. అప్పుడు కొళాయి కట్టేసి, కారిన నీళ్లు కొలవాలి. 512 హెర్ట్జ్ దండానికి కారినదానికి దాదాపు నాలుగింతలు 256 హెర్ట్జ్ దండానికి కారింది. రికార్డులో అంకెలు వేస్తూ ఆగిపోయాను. పై సా రావాలంటే గాలి సగం కాదు, పావు వంతుకు తగ్గాలి. సగం చేస్తే స్వరం 1.414 రెట్లే అవుతుంది. పన్నెండు మెట్లలో సరిగ్గా ఆరోది.

సైకిలు పంపు మూతి వేలితో మూసి నొక్కితే లోపలి గాలి ఎదురు తంతుంది కదా, సీసా పొట్టలోని గాలీ అంతే. మెడలోని గాలి ముద్ద దాని మీద సెకనుకు వందలసార్లు ఎగిరెగిరి పడుతుంటుంది. ఆ ఊపు ఆగకుండా చూడటమే మన ఊపిరి పని. నేను తీగ అనుకున్నది స్ప్రింగు మీద బరువన్నమాట. ఈ సంగతికి పేరు పడ్డ హెల్మ్‌హోల్ట్జ్ వైద్యం చదివినవాడని, 1863లో స్వరాల మీద పుస్తకం వేశాడని తర్వాత తెలిసి, నా మందు సీసాలు తలచుకుని నవ్వుకున్నాను. మామయ్యకు చెబుదామని వెళ్తే ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు.

1977లో ఆ ప్రదర్శన అయిన ఐదో రోజే తుఫాను. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాకు తెలిసింది పెంకులు లేచిపోవడం ఒక్కటే. కరెంటు ఎన్నాళ్లకు వచ్చిందో గుర్తు లేదు. అమ్మ నా సీసాల్లో కిరసనాయిలు పోసి, మూతలకు చిల్లులు పొడిచి వత్తులు దూర్చింది. పట్టీలు అలాగే ఉన్నాయి. "గ దాకా ఉంది, రాత్రికి చాలు" అనుకునేవాళ్లం.

మామయ్య అరుగు మీద తడిసిన హార్మోనియం తిత్తి ఎండబెట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాతి మాటలు ఆయన నిజంగా అన్నవో, ల్యాబులో లెక్క తేలాక నేను అతికించుకున్నవో ఇప్పుడు చెప్పలేను.

"ఒరే, నీ ఖాళీ సీసా ఇలా పట్రా. సా అయినా పట్టుకుంటా."

"దాంట్లో కిరసనాయిలు పోశాం మామయ్యా."

"ఎంత?"

"సగం."

"అయితే ప్రతి మధ్యమమేగా" అని నవ్వి, తిత్తిని రెండో వైపుకు తిప్పాడు.